ఇప్పచెట్టుకి జీను

ఈకలవలసలో పైడయ్య ఇంట్లో వాళ్ళకి తెలివి ఎక్కువ. ఈ మాట ఊరివాళ్ళు అన్నది కాదు, పైడయ్యే అన్నాడు. రోజూ రెండు పూటలా అనేవాడు, అన్నం ముందు ఒకసారి, చెయ్యి కడుక్కున్నాక ఒకసారి.

"మనింట్లో ముగ్గురం. ముగ్గురికీ తలకాయలున్నాయి. ఊళ్ళో ఇంకెవరింట్లో ఇలా కుదిరింది చెప్పండి?"

"ఎక్కడ కుదిరింది మావా!" అనేది భార్య చిలకమ్మ.

"మన మేకకి కూడా ఉంది అన్నా తలకాయ," అనేవాడు తమ్ముడు సింహాద్రి. అంతే, ముగ్గురూ మేక వంక గర్వంగా చూసుకునేవాళ్ళు.

చిన్నప్పుడు బళ్ళో పంతులుగారు పైడయ్యని, "ఒరే, నువ్వు ఈ చెవితో విని ఆ చెవితో వదిలేస్తున్నావురా," అని తిట్టారు. ఆ రోజే పైడయ్య ఎడం చెవిలో ఇంత దూది కుక్కేశాడు. ఇంక విన్న మాట బయటికి పోవడానికి దారే లేదు. నలభై ఏళ్ళు వచ్చినా ఆ దూది తియ్యలేదు. ఇన్నేళ్ళ మాటలు లోపల ఎంత పేరుకుపోయాయోనని అప్పుడప్పుడు తల ఊపి చూసుకునేవాడు.

సింహాద్రి ఏం తక్కువ వాడు కాదు. "నీ దారి నువ్వు చూసుకో," అని ఎవరో కసిరితే, పొద్దున్నించి పొద్దు వాలేదాకా రోడ్డు వంకే చూస్తూ నిలబడ్డాడు. చిలకమ్మ సంగతి చెప్పక్కర్లేదు. కాపురానికొచ్చిన కొత్తలో అత్తగారు, "కూర మాడుతుందేమో కాస్త చూస్తూ ఉండవే," అంది. చిలకమ్మ చూసింది. కూర మాడింది, బొగ్గయింది, పొగలొచ్చాయి. మొత్తం కళ్ళార్పకుండా చూసింది.

ఇలాంటి ఇంటికి కష్టం ఎలా వస్తుంది? వచ్చింది. కొండ దిగి, నాలుగు కాళ్ళ మీద నడిచి వచ్చింది.

కొండ వారన వాళ్ళకి ఎకరం చేను ఉంది. ఆ ఏడు చిలగడదుంప వేశారు. తీగ దట్టంగా అల్లుకుంది. ఒకరోజు పొద్దున్నే వెళ్ళి చూస్తే ఒక చాలు చాలంతా తిరగేసి ఉంది. పైడయ్య ముచ్చటపడ్డాడు. "ఎవరో పుణ్యాత్ముడు, అడక్కుండానే దున్నిపెట్టాడు." మర్నాడు ఇంకో రెండు చాళ్ళు. మూడో రోజు సింహాద్రి వంగి చూసి, "అన్నా, ఆ పుణ్యాత్ముడికి గిట్టలున్నాయి," అన్నాడు. నాలుగో రోజు సాయంత్రం స్వయంగా చూశారు. గున్న ఏనుగంత ఒంటరి అడవిపంది, దుంపల్ని కరకరా నమిలేస్తోంది.

చిలకమ్మ గట్టు మీద కూలబడిపోయింది. "ఇవన్నీ అది తినేస్తే ఏడాదంతా మనం ఏటి తినాలి మావా?"

చిలకమ్మ కళ్ళలో నీళ్ళు చూస్తే పైడయ్య తట్టుకోలేడు. పందిని చూస్తే అతనికీ భయమే. అయినా తలపాగా బిగించి, "నేనుండగా నీ పళ్ళెం ఖాళీగా ఉంటుందా? దాన్ని వేటాడేస్తాను," అనేశాడు. అనేశాక, వేట అంటే ఎలా చేస్తారో తెలీదని గుర్తొచ్చింది. తిన్నగా దాలినాయుడు ఇంటికి పోయాడు.

దాలినాయుడు ముసలాయన. వయసులో ఉండగా కొండంతా తిరిగిన వేటగాడు. అరుగు మీద కూర్చుని చుట్ట కాల్చుకుంటున్నాడు.

"మంచె కట్టాలంటే నీకు వారం పడుతుందిరా పైడయ్యా," అన్నాడు. "నేనయితే చెట్టుకి జీను కట్టుకుని కూర్చునేవాణ్ణి. గోనెపట్ట నాలుగు మడతలేసి కుట్టు. అది నీ కింద పెట్టుకుంటావు. రెండు కొసలకీ తాడు కట్టి చెట్టు మానుకి చుడతావు. కాళ్ళు మానుకి తన్నిపెట్టి, వెనక్కి వాలి కూర్చుంటావు. గుర్రానికి జీను ఎలాగో చెట్టుకి ఇదీ అలాగే. పంది నేల వాసన చూసుకుంటూ వస్తుంది గానీ, తలెత్తి పైకి చూడదు. కిందికి రాగానే బల్లెంతో ఒక్క పోటు!"

"అంతేనా తాతా?"

"ఇంకా ఉంది, విను. నీ వెనకభాగం కొలత తీసుకుని దానికి సరిగ్గా కుట్టు. ముందు నీ బరువంత రాయి వేసి చూడు. తాడుకి మూడు ముళ్ళు వెయ్యి. చెట్టెక్కాక నోరు కట్టేసుకో. పంది దగ్గరికొస్తే ఊపిరి బిగబట్టు. ఏమైనా సరే, బల్లెం మాత్రం చేతిలోంచి వదలకు."

చెదలు పట్టకుండా పసుపు పట్టించిన తన పాత తాడూ, బల్లెమూ కూడా ఇచ్చాడు. పైడయ్య ఆ మాటలన్నీ కుడిచెవిలో వేసుకుని, దూది మీద నమ్మకం చాలక ఎడంచెవిని అరచేత్తో మూసుకుని ఇంటికొచ్చాడు.

చేను గట్టున ఒక ఇప్పచెట్టుంది. ముగ్గురూ దాని చుట్టూ తిరిగారు.

"గుర్రానికి జీను వేసే ముందు ఏం చేస్తారు?" అన్నాడు పైడయ్య.

"ఉలవలు పెడతారు," అన్నాడు సింహాద్రి.

"పెట్టకపోతే?"

"తన్నుతుంది."

"అదీ తెలివంటే. చెట్టుకీ అంతే!"

ఇంకేముంది, చిలకమ్మ తవ్వెడు ఉలవలు ఉడకేసి, ఆకులో పోసి చెట్టు మొదట్లో పెట్టింది. చెట్టు తినలేదు. "మనం చూస్తుంటే సిగ్గుపడుతోంది," అని ముగ్గురూ గట్టు అవతల అటు తిరిగి కూర్చున్నారు. కాసేపటికి వచ్చి చూస్తే ఆకు ఖాళీ. పక్కనే మేక మూతి నాకుకుంటోంది.

"తినేసింది! మేక దగ్గరుండి తినిపించింది!" అని సింహాద్రి చెట్టు మానుని చేత్తో తట్టి చూశాడు. "గట్టిగా ఉంది అన్నా. కడుపు నిండింది."

ఆ రోజునించి పూటకి తవ్వెడు ఉలవలు చెట్టు మొదట్లో పోస్తూనే ఉన్నారు.

తర్వాత కొలత. వెనకభాగాన్ని మూరతో కొలుద్దామంటే ఎటునించి మొదలెట్టాలో తెలీలేదు. పైడయ్య బాగా ఆలోచించి, పెరట్లో మట్టి పిసికి, దిమ్మలా చేసి, దాని మీద కూర్చున్నాడు. కూర్చుని లేస్తే రెండు గుంటలు పడ్డాయి. అచ్చు గుద్దినట్టు వచ్చింది కొలత! ఎండలో ఆరబెట్టి, గోనెపట్ట తేవడానికి సింహాద్రితో కలిసి సంతకి పోయాడు.

తిరిగొచ్చేసరికి ఆ దిమ్మ మీద, ఒక గుంటలో అన్నం కుండ, ఒక గుంటలో పులుసు కుండ ఉడుకుతున్నాయి. కింద తొలిచిన కన్నంలో మంట భగభగా మండుతోంది.

"మావా, ఎన్నాళ్ళకి రెండు గుంటల పొయ్యి చేశావు!" చిలకమ్మ మొహం వెలిగిపోతోంది. "చెప్పకుండా చేసి పెట్టావు చూడు, నీ మనసు బంగారం!"

"ఓసి నీ ఇల్లు బంగారం గానూ! అది పొయ్యి కాదే, నేనే!" అని పైడయ్య వెనక్కి చెయ్యి పెట్టుకుని గెంతాడు. "తీయ్! తీయ్! కాలిపోతున్నాను!"

సింహాద్రి పరుగున వెళ్ళి కడవెడు నీళ్ళు తెచ్చాడు. సగం పొయ్యిలో పోశాడు, సగం అన్న వెనకాల పోశాడు. అన్నం పాడైంది, కొలత పగిలింది, పైడయ్య తడిసి నిలబడ్డాడు. చివరికి గోనెపట్ట పట్టుకుని దాలినాయుడి కోడలి దగ్గరికి పోతే, ఆవిడ పైడయ్యని ఒక్కసారి ఎగాదిగా చూసి, చకచకా కుట్టి ఇచ్చేసింది.

ఇంక బరువు చూడాలి. సింహాద్రి అన్నని ఎత్తబోయాడు, లేవలేదు. గట్టు పక్కనున్న బండరాయిని ఎత్తబోయాడు, అదీ లేవలేదు. "ఇద్దరూ ఒకటే బరువు," అని తేల్చాడు. ముగ్గురూ కలిసి ఆ బండని దొర్లించుకొచ్చి, మానుకి జానెడు ఎత్తులో కట్టిన జీనులో పెట్టారు. తాడు కిర్రుమంది గానీ ఆగింది.

"రాయి తీసెయ్యి, నువ్వు కూర్చో మావా," అంది చిలకమ్మ.

పైడయ్య నవ్వాడు. "పిచ్చిదానా! రాయి ఉంటే తెగలేదు. అది కళ్ళతో చూశాం. రాయి లేకపోతే ఏమవుతుందో చూసినవాడెవడు? రాయి ఉండగానే కూర్చుంటాను."

"అన్నకి ఉన్న ముందుచూపు ఎవరికీ లేదు," అన్నాడు సింహాద్రి.

పైడయ్య వెళ్ళి రాయి మీద కూర్చున్నాడు. తాడు ఫట్‌మంది. రాయి కింద పడింది, దాని మీద పైడయ్య పడ్డాడు. ఎత్తు జానెడే కాబట్టి సరిపోయింది. నడుం పట్టుకుని లేచి, "చూశారా, తాత మాట నిజమే. పరీక్ష చెయ్యకుండా ఎక్కి ఉంటే ఈపాటికి ఏమయ్యేవాణ్ణో," అన్నాడు.

తెగిన తాడుని రెండు పేటలు చేసుకున్నారు. మర్నాడు మధ్యాహ్నం పైడయ్య నిచ్చెన వేసుకుని, చెట్టుకి నిలువున్నర ఎత్తులో తాడు చుట్టి, ముళ్ళు వేయసాగాడు. కింద సింహాద్రి చెట్టుకి ఆ పూట ఉలవలు చల్లుతున్నాడు. సరిగ్గా అప్పుడే చిలకమ్మ అంబలి ముంత పట్టుకుని వచ్చింది.

ఒక ముడి పడింది. రెండో ముడి పడింది. మూడో ముడి పడగానే ముంత కింద పడింది.

"ఓలమ్మో! నా కొంప మునిగిపోయింది!"

"అయ్యో వదినా, వాన కూడా పడలేదే!" అని సింహాద్రి కొంప చూడ్డానికి ఊళ్ళోకి పరిగెత్తాడు.

"ఏటయిందే?" అన్నాడు పైడయ్య చెట్టు మీదనించి.

"ఏటయిందా? పసుపుతాడు! మూడు ముళ్ళు! అదీ నా కళ్ళ ముందు! నీ తమ్ముడు కిందనించి అక్షింతలు కూడా వేస్తన్నాడు! ఇరవయ్యేళ్ళు నీకు వండిపెట్టాను మావా, నా మీదకి సవతిని తెస్తావా?"

పైడయ్య చేతిలో తాడు వంక చూసుకున్నాడు. పసుపే. ముళ్ళు లెక్కపెట్టాడు. మూడే.  పందిని చంపుదామని వచ్చి పెళ్ళి చేసుకున్నాడు! నిచ్చెన దిగి చిలకమ్మ ముందు నిలబడ్డాడు. 

"చిలకా, నాకు తెలీకుండా జరిగిపోయిందే. ముహూర్తం కూడా చూడలేదు. అయినా నిన్నొదిలి నేనెక్కడికి పోతాను? అది మనింటికి రాలేదులే, దానికి వేళ్ళున్నాయి."

"ఇప్పుడు రాదు. రేపు కాయలు కాస్తే? అవి ఎవరివని చెప్తావు ఊళ్ళో?"

పైడయ్య తలెత్తి కొమ్మల్లో కాయలున్నాయేమోనని వెతికాడు. ఇల్లు మునగలేదని చెప్పడానికి ఆయాసపడుతూ తిరిగొచ్చిన సింహాద్రి సంగతంతా విని, తల గోక్కుని, "ఒక ముడి విప్పేస్తే సరి. రెండు ముళ్ళకి పెళ్ళెక్కడిది?" అన్నాడు.

చిలకమ్మ కళ్ళు తుడుచుకుంది. తానే నిచ్చెనెక్కి, మూడో ముడి విప్పి, చెట్టు వంక ఒక చూపు చూసి మరీ దిగింది. పైడయ్య గుండెల మీంచి పెద్ద బరువు దిగింది. ఆ సాయంత్రమే వేటకి సిద్ధమయ్యాడు.

పొద్దు కొండ మీదకి ఒరిగింది. పైడయ్య జీనులో కూర్చుని, కాళ్ళు మానుకి తన్నిపెట్టి, వెనక్కి వాలాడు. నోటికి తువ్వాలు చుట్టి వెనకాల ముడేసుకున్నాడు. బల్లెం గుండెకి హత్తుకున్నాడు. చిలకమ్మ ఇంటి దగ్గర దేవుడికి దణ్ణం పెట్టుకుంటోంది. కిందనున్న సింహాద్రికి దాలినాయుడు ముందే చెప్పి పంపాడు: "మీ అన్న మీద ఒక కన్నేసి ఉంచు." సింహాద్రి ఒక కన్నే వేశాడు. రెండోది అరచేత్తో గట్టిగా మూసేసుకున్నాడు. పంది సరిగ్గా ఆ మూసిన కన్ను వైపునించే వచ్చింది.

అది దుంపల వైపు పోబోయింది. ఇంతలో ఉడికిన ఉలవల వాసన తగిలింది. ముట్టె ఎగరేసి, గుర్రుమంటూ తిన్నగా ఇప్పచెట్టు కిందికొచ్చి, ఆకులో మూతి పెట్టింది.

పైడయ్య ఊపిరి బిగబట్టాడు.

పంది తాపీగా నములుతోంది. ఎవరో పెళ్ళికి పిలిస్తే వచ్చి బంతిలో కూర్చున్నట్టు, తొందర లేకుండా తింటోంది. పైడయ్య మొహం ఎర్రబడింది, తర్వాత వంకాయ రంగుకి తిరిగింది. బల్లెం చాచి చూస్తే మూరెడు దూరంలో ఆగిపోయింది. విసిరితే తగిలేదే. విసరాలంటే వదలాలి. వదలొద్దన్నాడు తాత. ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. ఊపిరి తీసుకుందామంటే పంది దగ్గరే ఉంది, పొమ్మందామంటే నోటికి తువ్వాలుంది. చిలకమ్మ పళ్ళెం కళ్ళ ముందు కదిలింది. ఇంకొక్క క్షణం ఆగుదామనుకున్నాడు. ఆగాడు. ఇంకొక్క క్షణం అనుకున్నాడు. అంతే! లోపలున్న గాలంతా ముక్కులోంచి "భుస్స్" మని తన్నుకొచ్చింది, ఒళ్ళంతా ఒక్క కుదుపు కుదిపింది, రెండు ముళ్ళూ జారిపోయాయి.

జీనుతో సహా పైడయ్య వచ్చి పంది వీపు మీద పడ్డాడు.

ఇంకేముంది! పుట్టి బుద్ధెరిగి ఆ పంది వీపు మీద ఎవరూ కూర్చోలేదు. కీచుమని అరిచి, దుంప చాళ్ళ మీంచి ఒక్క గెంతు గెంతి, ఊరి వైపు దౌడు తీసింది. పైడయ్య ఒక చేత్తో దాని చెవి పట్టుకున్నాడు, రెండో చేత్తో బల్లెం పట్టుకున్నాడు. వెనకాల పసుపుతాడు తోకలా ఈడ్చుకొస్తోంది. దాని వెనకాల ఒంటి కన్నుతో సింహాద్రి పరిగెడుతున్నాడు.

"అన్నా! జీను సరిపోయింది అన్నా!" అని అరుస్తున్నాడు.

వీధిలో కోళ్ళు ఎగిరాయి, గంపలు దొర్లాయి. ఇంటి ముందు నిలబడ్డ చిలకమ్మ బుగ్గలు నొక్కుకుని, "దిగు మావా! మధ్యాహ్నం చెట్టు, ఇప్పుడు ఇదా!" అని కేకేసింది. దాలినాయుడు అరుగు ముందునించి పోతుంటే ముసలాయన నోట్లో చుట్ట జారి ఒళ్ళో పడింది.

"ఒరే పైడయ్యా! వదిలెయ్యరా! వదిలెయ్!"

వదలొద్దని చెప్పినవాడే వదలమంటున్నాడు. ఏ మాట వినాలో తెలీక పైడయ్య పంది చెవి వదిలేశాడు, బల్లెం ఉంచుకున్నాడు. పంది దాలినాయుడి గడ్డివాము మీంచి దూకింది. దూకింది ఒక్క పందే. పైడయ్య వాముకి ఇవతలున్న పేడగుంటలో నడుం లోతుకి దిగబడ్డాడు. పంది మాత్రం వెనక్కి చూడకుండా ఊరు దాటి, వాగు దాటి, కొండెక్కి, కొండ అవతలికి దిగిపోయింది.

జనం మూగారు. దాలినాయుడు తువ్వాలు విప్పాక పైడయ్య బల్లెం పైకెత్తి చూపించాడు. "వదల్లేదు తాతా."

సింహాద్రి రొప్పుతూ వచ్చాడు. "నువ్వు చెప్పింది నిజమే తాతా. పంది ఒక్కసారి కూడా తలెత్తి పైకి చూడలేదు."

ఆ రోజునించి పది రోజులు గడిచాయి. పంది ఆ ఛాయలకి రాలేదు. దాని చుట్టాలు కూడా రాలేదు. ఊరంతా పైడయ్య గురించే చెప్పుకుంది. చిలకమ్మ అతన్ని మూడుసార్లు కుంకుడుకాయతో తోమి స్నానం చేయించి, ఎదురుగా కూర్చుని అన్నం పెట్టింది. ఎవరు ఎదురైనా, "మా మావ పందినెక్కాడు," అని చెప్పుకుంది. పైడయ్యకి తినే ప్రతి ముద్దా తియ్యగా ఉంది.

దాలినాయుడు కూడా ఒకరోజు చేనుకొచ్చి చూసి, సంతోషించాడు. "చాలామటుకు దక్కించుకున్నావురా. తొందరపడి ఇప్పుడే తవ్వెయ్యకు. దుంప నేలలో బాగా ఊరాలి, లావెక్కాలి. ఊరితేనే రుచి," అని చెప్పి వెళ్ళిపోయాడు.

ముగ్గురూ గట్టు మీద కూర్చుని ఆలోచించారు.

"ఊరాలన్నాడు," అన్నాడు పైడయ్య. "ఊరడం గురించి మనింట్లో చిలకకి తెలిసినంత ఎవరికి తెలుసు? ఆవకాయ ఊరబెడుతుంది, చింతకాయ ఊరబెడుతుంది."

చిలకమ్మ చేను వంక జాలిగా చూసింది. "ఉప్పూ కారం లేకుండా ఏదైనా ఊరుద్దా మావా? తాత వేటగాడు, పాపం. వంటిల్లు తెలీదు. అసలు సంగతి చెప్పడం మర్చిపోయాడు."

అంతే. ఇంట్లో ఉన్న ఉప్పు కుండ వచ్చింది, కారం డబ్బా వచ్చింది, నువ్వులనూనె వచ్చింది. సింహాద్రి చాళ్ళ వెంట ఉప్పు చల్లాడు, పైడయ్య కారం చల్లి తుమ్మాడు, చిలకమ్మ ధారగా నూనె పోసుకుంటూ పోయింది. నాలుగు చాళ్ళకే సరుకు అయిపోయింది. అయినా పారతో అడుగునించి బాగా కలిపారు. మూడో రోజు మళ్ళీ తిరగెయ్యాలని చిలకమ్మ జాగ్రత్త చెప్పింది.

కారం ఘాటు ఊరిదాకా పోయింది. దాలినాయుడు దగ్గుకుంటూ కర్ర పట్టుకుని వచ్చాడు. "ఏటి చేస్తన్నార్రా?"

"అక్కడే ఆగు తాతా!" అని చిలకమ్మ రెండు చేతులూ అడ్డం పెట్టింది. "చెయ్యి తడిగా ఉందా? తడి తగిలితే బూజు పట్టుద్ది."

ముసలాయన నోరు తెరిచాడు, మళ్ళీ మూయలేదు. ఇంతలో కొండ మీద ఉరిమింది. టప్పుమని ఒక చినుకు పైడయ్య ముక్కు మీద పడింది. ఇంకోటి చేలో పడింది.

"చిలకా! పచ్చడి తడిసిపోతోంది! మూత! మూత పట్రా!"

చిలకమ్మ ఇంటికి పరిగెత్తి అన్నం కుండ మూకుడు పట్టుకొచ్చింది. ముగ్గురూ దాన్ని పట్టుకుని ఎకరం అంతా పరుగులు పెట్టారు. "ఇటు పడుతోంది!" "అటు పడుతోంది!" ఎటు మూసినా ఇంకో పక్క తడుస్తోంది.

"మూత చిన్నదైపోయింది మావా!" అని ఏడుపు గొంతుతో అంది చిలకమ్మ.

పైడయ్య వానలో నిలబడి మూకుడు వంక చూశాడు, చేను వంక చూశాడు. అతని మొహం విప్పారింది.

"మూత చిన్నది కాదే, చేనే దూరం దూరంగా ఉంది. సింహాద్రీ, నువ్వు ఆ గట్టు పట్టుకో, నేను ఈ గట్టు పట్టుకుంటాను. కాస్త దగ్గరికి తోసేస్తే మూత కిందకి సరిపోతుంది!"

మూకుడు చేను నడుమ ఎత్తి పట్టుకుని చిలకమ్మ నిలబడింది. అన్నదమ్ములిద్దరూ చెరో గట్టుకి భుజం ఆనించి, కాళ్ళు బురదలో తన్నిపెట్టి, "ఐసా!" అని తోయడం మొదలెట్టారు.